పెద్దవాళ్ల బ్యాలెన్స్ చూడటం ఎలా: ఇళ్లకి వెళ్లే ఫిజియోల కోసం

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, ఏ ఆపరేషనూ లేకపోయినా రెండుసార్లు పడ్డారని పిల్లలు భయపడి ఫిజియోని పిలిపించినవాళ్లు, విజయవాడ చుట్టుపక్కల నేను ఇళ్లకి వెళ్లి చూసేది ఎక్కువగా వీళ్లనే. వీళ్ల డిశ్చార్జి కాగితాల్లో బీపీ, షుగరు, కుట్ల సంగతి అన్నీ ఉంటాయి గానీ బ్యాలెన్స్ గురించి ఒక్క ముక్క ఉండదు, ఉన్నా ‘బ్యాలెన్స్ ఫెయిర్’ అని ఉంటుంది. ఫెయిర్ అంటే నిలబడినప్పుడా, నడిచినప్పుడా, కర్రతోనా, కర్ర లేకుండానా? రాసినవాళ్లకైనా గుర్తుంటుందో లేదో.

కొత్తగా ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టిన కుర్ర ఫిజియోలు నన్ను తరచూ అడిగేది ఏ టెస్ట్ చేయాలని. ఏదో ఒక టెస్ట్ అందరికీ చేసేసి మార్కులు వేయడం సులువే. ఆ మనిషి రోజూ ఏ పని దగ్గర తూలుతున్నారో కనిపెట్టి, ఆ పనికి దగ్గరగా ఉన్న టెస్ట్ పట్టుకోవడం కష్టం. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ఇంట్లో అమ్మానాన్నల్ని చూసుకుంటున్నవాళ్లు కూడా చదవొచ్చు, మీరు చేయకూడనివి ఎక్కడికక్కడ చెబుతాను.

ముందు పడిన కథ వినండి

స్టాప్‌వాచ్ తీయకముందే కూర్చుని అడగండి, ‘మామ్మగారూ, పోయినసారి పడ్డప్పుడు ఏం చేస్తున్నారు?’ అని. దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే, కాలు జారింది నాయనా అని. కాలు జారడం అనే మాటని మనవాళ్లు అన్నిటికీ వాడేస్తారు. నిజంగా నీళ్ల మీద జారినా అదే మాట, గడప తట్టుకున్నా అదే, కళ్లు బైర్లు కమ్మి కూలబడినా అదే, మోకాలు ఒక్కసారిగా మడతపడినా అదే. అందుకని అక్కడ ఆగకూడదు. నేల తడిగా ఉందా? ఏ టైములో? మంచం మీంచి లేచిన వెంటనేనా, కాసేపు నడిచాకా? ఏ పక్కకి పడ్డారు? చేతిలో ఏమైనా ఉందా? పడ్డాక తనంతట తను లేచారా, ఎంతసేపు నేల మీదే ఉండిపోయారు? అంతా గుర్తుందా, లేక మధ్యలో కొంచెం గుర్తులేదా? గుర్తులేదంటే మాత్రం టెస్టులు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పంపండి, స్పృహ తప్పి పడ్డారేమో, గుండె సంగతి కూడా చూడాలేమో, అది మన పరిధి కాదు. తలకి దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లైతే ఇంకా తొందరగా పంపాలి.

ఈ జవాబులతోనే సగం దారి తెలుస్తుంది. తెల్లవారుజామున బాత్రూంకి లేచి పడ్డారంటే ముందు బీపీ చూడాలి. మంచం మీద పక్కకి తిరిగితే గది గిర్రున తిరుగుతోందంటే లోపలి చెవి సమస్య కావచ్చు, దానికి పరీక్ష వేరే ఉంది, నేర్చుకున్నవాళ్లే చేయాలి. ఇక షుగరు ఉన్నవాళ్లని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియట్లేదా అని. ‘అవునండీ, గుమ్మం దాకా వచ్చాక చూస్తే ఒక కాలికి చెప్పు ఉండదు’ అని నవ్వుతూ చెబుతారు. అరికాళ్లలో స్పర్శ తగ్గిందన్నమాట. ఇలాంటివాళ్లు నేల ఎక్కడుందో కాళ్లతో కాక కళ్లతో తెలుసుకుంటూ నడుస్తుంటారు, వెలుతురు తగ్గితే వాళ్ల బ్యాలెన్స్ కూడా తగ్గుతుంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే అరికాలి స్పర్శ చూసే నైలాన్ పోగు, బ్యాగులో ఉంటే అప్పుడే పాదాలు చూసేయండి.

మందుల డబ్బా కూడా తెప్పించుకోండి, చాలా ఇళ్లలో అది పాత బిస్కెట్ల డబ్బానే. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, మగవాళ్లకైతే ప్రోస్టేట్ మాత్రలు, ఇవి తూలుడు తెప్పించగలవు. ఏదీ మానమని మీరు చెప్పకండి, పేర్లు రాసుకుని డాక్టరుకి పంపండి.

తర్వాత బీపీ. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి, నిలబెట్టాక 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఇంకోసారి చూడండి. పడుకున్నప్పటికంటే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, అంతకుమించి గానీ తగ్గిందంటే, వాళ్లకి కళ్లు తిరిగినా తిరగకపోయినా, ముందు ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. ఈ చిన్న పని చేయకుండా నేరుగా బ్యాలెన్స్ వ్యాయామాలు మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, నిలబడగానే మెదడుకి రక్తం సరిగ్గా అందని మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టి ఏం సాధిస్తాం?

ఇంకో ప్రశ్న మర్చిపోకండి. ‘పడతానన్న భయంతో ఏయే పనులు మానేశారు?’ పడతామన్న భయాన్ని కొలవడానికి 16 ప్రశ్నల పత్రం ఒకటుంది, ఎఫ్‌ఈఎస్‌ఐ అంటారు, ఓపిక ఉంటే అది నింపించండి, కానీ ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబులు దానికేం తీసిపోవు. గుడికి వెళ్లడం మానేశాను, డాబా ఎక్కడం మానేశాను, రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశాను అంటారు. ఆ చివరిదాన్ని పట్టుకోండి. నీళ్లు తాగకపోతే బీపీ ఇంకా పడిపోతుంది.

కుర్చీ, చీర, చెప్పులు

టెస్ట్‌కి కుర్చీ కావాలి. చాలా ఇళ్లలో ముందుకు జరిపేది ప్లాస్టిక్ కుర్చీనే, అది తేలిక, చేతుల మీద బరువేసి లేస్తే ఒక పక్కకి ఒరుగుతుంది. చేతులున్న చెక్క కుర్చీ గానీ ఇనుప కుర్చీ గానీ అడగండి, ఏదీ లేకపోతే ప్లాస్టిక్‌దాన్నే గోడకి ఆనించి వేయండి. సోఫా పనికిరాదు, లోపలికి కూరుకుపోతారు. టేపుతో ఎత్తు కొలవండి, 43 నుంచి 46 సెంటీమీటర్లు ఉంటే సరి. ఎంతున్నా రాసుకోండి, నెల తర్వాత వచ్చినప్పుడు మళ్లీ ఆ కుర్చీయే వేయాలి. ఒకసారి నేను రెండో నెలలో ఎత్తయిన కుర్చీ వేసి, లేవడం బాగా మెరుగుపడిందని సంబరపడ్డాను. తర్వాత వాళ్ల కోడలు చెప్పింది, పాత కుర్చీ పైవాళ్లకి ఇచ్చేశామని.

చీర కట్టుకున్నవాళ్లైతే కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకోమనండి, పాదాలు కనబడాలి, కాలికి అడ్డం పడకూడదు కూడా. ఈ మాట మీరు నేరుగా చెప్పడంకంటే ఇంట్లో ఆడవాళ్లతో చెప్పిస్తే మామ్మగార్లకి ఇబ్బంది ఉండదు. తాతగార్లు లుంగీ మడిచి కట్టుకుంటే చాలు. చెప్పులా, ఉత్తికాళ్లా అన్నది ఇంట్లో ఎలా తిరుగుతారో దాన్నిబట్టి, మనవాళ్లలో చాలామంది ఇంట్లో ఉత్తికాళ్లతోనే తిరుగుతారు కాబట్టి నేను అలాగే చూస్తాను, సాక్సులు మాత్రం తీయించేస్తాను. కళ్లజోడు, చెవి మెషిన్ రోజూ పెట్టుకునేవాళ్లైతే పెట్టుకోమనండి.

టైము కూడా ముఖ్యమే. భోజనం చేశాక కొందరికి బీపీ పడుతుంది, పార్కిన్సన్ ఉన్నవాళ్లకి మాత్ర వేసుకున్న గంటకి ఒక మనిషి, మాత్ర పవర్ దిగిపోయాక ఇంకో మనిషి. మొదటిసారి పొద్దున పదింటికి చూసి రెండోసారి మధ్యాహ్నం మూడింటికి చూస్తే ఆ రెండు నంబర్లనీ పోల్చడానికి లేదు.

ఆపరేషన్ అయినవాళ్లైతే సర్జన్ కాగితం మళ్లీ చదవండి. ఆ కాలి మీద ఎంత బరువు వేయొచ్చు, ఎంత వంగొచ్చు అన్నది తెలీకుండా ఏ టెస్టూ వద్దు. తుంటి మార్పించుకుని వంగొద్దని చెప్పినవాళ్లని ‘టెస్టే కదా’ అని నేల మీది వస్తువు తీయమనకూడదు.

మీరెక్కడ నిలబడాలి

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. కొత్తలో ఒక పెద్దావిడని కళ్లు మూసుకుని నిలబడమని చెప్పి, నేను ఎదురుగా నిలబడ్డాను, ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో స్టాప్‌వాచ్. నాలుగో సెకనులో ఆవిడ వెనక్కి వెళ్లిపోయారు. నా రెండు చేతులూ ఖాళీ లేవు. వెనక దివాన్ ఉంది కాబట్టి దాని మీద కూలబడ్డారు, లేకపోతే ఏమయ్యేదో. ఆవిడ నవ్వేశారు గానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. గది మూల చూసుకుంటాను, వాళ్ల వీపు మూలవైపు ఉంటుంది, రెండు పక్కలా గోడలు, ముందు ఒక బరువైన కుర్చీ వీపు వాళ్లవైపు తిప్పి వేస్తాను. నేను బలహీనమైన పక్కన, కొంచెం వెనకగా నిలబడతాను. వాళ్ల నడుముకి బెల్టు కడతాను. ఒక చెయ్యి బెల్టు దగ్గర ఉంటుంది కానీ పట్టుకోదు, పట్టుకుంటే అది నా బ్యాలెన్స్ అవుతుంది గానీ వాళ్లది కాదు. టైము ఫోన్‌లో పెట్టి బల్ల మీద ఉంచుతాను. రాసుకోవడం టెస్ట్ అయ్యాకే.

ఇంకొకటి, ఇంట్లోవాళ్లని గదిలోంచి పంపకపోయినా నోరు మెదపొద్దని చెప్పండి. ‘జాగ్రత్త తాతా, మెల్లగా, మెల్లగా’ అని మనవలు మొదలుపెడితే ఆయన సగం వేగానికి దిగిపోతారు, లేదా పౌరుషం వచ్చి పరుగెత్తినట్టు నడుస్తారు. రెండూ ఆయన మామూలు నడక కావు.

లేచి, వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవడం

నేను ఎవరికైనా మొదట చేసేది టైమ్డ్ అప్ అండ్ గో, టగ్ అంటాం. 1991లో పాడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ఇచ్చిన టెస్ట్. కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటారు, లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ కూర్చుంటారు, అంతే. ఇంట్లో రెండడుగుల టైల్స్ ఉంటే టేపు కూడా అక్కర్లేదు, ఐదు టైల్స్ అంటే పదడుగులు, 3 మీటర్లకంటే ఓ 5 సెంటీమీటర్లు ఎక్కువ. అయినా గీత దగ్గర కనబడే రంగు టేపు ముక్క అంటించండి, పెద్దవాళ్లకి ఎక్కడ తిరగాలో తెలియాలి.

ఏం చెప్పాలన్నది ముందే అనుకోండి. నేనైతే ఇలా అంటాను: ‘నేను సరే అనగానే లేచి, రోజూ ఎలా నడుస్తారో అలాగే ఆ ఎర్ర గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోండి.’ త్వరగా అనే మాటా, జాగ్రత్తగా అనే మాటా రెండూ వాడను. వాకరు వాడేవాళ్లు వాకరుతోనే చేయొచ్చు, ఆ సంగతి రాయాలి. ఒకసారి ఊరికే చేయించి, రెండోసారి టైము చూడండి, ‘సరే’ అన్నప్పట్నుంచి మళ్లీ కూర్చునేదాకా.

12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీవాళ్ల లెక్క. 13.5 అని వాడేవాళ్లు కూడా ఉన్నారు. తుంటి ఆపరేషన్ అయిన మూడో వారంలో వాకరుతో నడిచే మనిషికి 30 సెకన్లు పడుతుంది, ఆ మనిషికి ప్రమాదం ఉందని తెలుసుకోవడానికి టెస్ట్ అక్కర్లేదు. అలాంటప్పుడు నంబరు వచ్చే నెలతో పోల్చడానికి పనికొస్తుంది, ఇవాళ్టికి చూడాల్సింది ఆ 30 సెకన్లు ఎక్కడెక్కడ ఖర్చయ్యాయన్నది. లేవడానికి రెండుమూడుసార్లు ప్రయత్నించారా, అయితే తొడల్లో బలం లేదు. లేచాక అడుగు పడకుండా కాసేపు ఆగారా, అది బీపీ కావచ్చు, భయం కావచ్చు, పార్కిన్సన్ కావచ్చు. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారు? ఆరేడు చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ బొమ్మలాగా మొత్తం ఒంటిని తిప్పుతున్నారంటే అక్కడ రాసుకోండి. చివర్న కుర్చీ చేతికి అందకముందే దభీమని కూలబడ్డారా? కమోడ్ దగ్గర కూడా అలాగే కూర్చుంటారు, ఆ రోజే కమోడ్ పక్కన గోడకి పట్టుకునే రాడ్ పెట్టించమని చెప్పొచ్చు.

ఇంట్లోవాళ్లు ఈ టెస్ట్‌ని పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీస్తే చాలా ఉపయోగం. తనంతట తను నడుస్తున్న మనిషైతే, ఫిజియో ఒకసారి చూపించాక, నెలకోసారి మీరే చేసి వీడియో పంపొచ్చు.

కాళ్ల బలం విడిగా చూడాలంటే 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి, చేతులు గుండెల మీద కట్టుకుని. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు 10కంటే తక్కువ, మగవాళ్లు 12కంటే తక్కువ చేస్తే వయసుకి తగ్గ బలం లేనట్టు. 80 నుంచి 84కి ఆ లెక్క 9, 10. చేతులు వాడకుండా లేవలేకపోతే స్కోరు సున్నా. సున్నా అని రాయడానికి మొహమాటపడకండి.

నాలుగు రకాలుగా నిలబడటం

ఇది పట్టుమని ఐదు నిమిషాలు పట్టదు. మొదట రెండు పాదాలూ ఆనించి పక్కపక్కన. తర్వాత ఒక పాదం కొంచెం ముందుకి, వెనక కాలి బొటనవేలు ముందు కాలి లోపలి వంపుకి తగిలేట్టు. మూడోది ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి, తాడు మీద నడిచేవాళ్లలాగా. నాలుగోది ఒంటికాలు. ఒక్కోటి 10 సెకన్లు, కళ్లు తెరిచే ఉంటాయి, చేతులు చాచుకోవచ్చు. కాళ్లు అలా పెట్టుకునేదాకా మీరు పట్టుకోండి, కుదురుకున్నాక వదిలి టైము మొదలుపెట్టండి. ఒకదాంట్లో 10 సెకన్లు ఆగలేకపోతే తర్వాతదానికి వెళ్లొద్దు. మూడోది 10 సెకన్లు ఆగలేకపోయారంటే ప్రమాదం ఎక్కువ అని లెక్క.

ఇంట్లోవాళ్లు ఒక్కరే ఉండి ఇది చేయించకండి. ముఖ్యంగా ఒంటికాలు, కళ్లు మూసుకోవడం, వెనకనుంచి తోసి చూడటం, ఈ మూడూ ఇంట్లో వద్దే వద్దు. తోసి చూసే పరీక్ష ఫిజియోలకైనా ఎవరైనా పక్కనుండి నేర్పాకే.

మీరు ఫిజియో అయి, పేషెంటు కళ్లు, కాళ్ల స్పర్శ, లోపలి చెవి, వీటిలో దేని మీద ఆధారపడి నిలబడుతున్నారో తేల్చుకోవాలనుకుంటే గట్టి నేల మీద కళ్లు తెరిచి, కళ్లు మూసి, తర్వాత మందపాటి ఫోమ్ మీద కళ్లు తెరిచి, కళ్లు మూసి, ఒక్కోటి 30 సెకన్లు చూడండి. గట్టి నేల మీద కళ్లు మూయగానే తూలితే కాళ్ల నుంచి వచ్చే కబురు సరిగ్గా లేదు. ఫోమ్ మీద కళ్లు మూసినప్పుడు మాత్రమే పడబోతే లోపలి చెవి వైపు అనుమానించాలి. ఫోమ్ లేదని తలగడ వేయకండి, దానికి ఒక లెక్కా పత్రం ఉండదు.

బెర్గ్ స్కేలు మన ఇంట్లో

కెనడాలో కేథరిన్ బెర్గ్ 1989లో ఇచ్చిన బ్యాలెన్స్ స్కేలు ఇది, మొత్తం 14 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, అన్నీ కలిపి 56. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కర్ర, వాకరు లేకుండా చేయాలి. 45కంటే తక్కువొస్తే ప్రమాదం అని పాతకాలం నుంచి వాడుతున్న గీత, ఆ గీతని మరీ పట్టుకుని వేలాడకండి, 46 వచ్చిన మనిషికి ఏమీ కాదని హామీ ఏం లేదు.

నాకు ఈ స్కేలు నచ్చేది ఎందుకంటే అందులో సగం పనులు మన పెద్దవాళ్లు రోజూ చేసేవే, మనం ఆ కళ్లతో చూడం అంతే. ఉన్నచోటే గుండ్రంగా చుట్టూ తిరగడం అని ఒకటుంది. అది ఆత్మప్రదక్షిణమే కదా! దేవుడి గదిలో చేతులు జోడించి, అంటే దేన్నీ పట్టుకునే వీలు లేకుండా, మామ్మగారు రోజూ చేసేదే. మీరు ‘360 డిగ్రీలు తిరగండి’ అంటే ఆవిడకి అర్థం కాదు, ‘ఆత్మప్రదక్షిణం చేసినట్టు తిరగండి’ అనండి. రెండువైపులా నాలుగేసి సెకన్లలో తిరగగలిగితే పూర్తి మార్కులు. ప్రదక్షిణం అలవాటు కుడివైపే కాబట్టి ఎడమవైపు తిరగమన్నప్పుడు కొందరు తడబడతారు, రెండూ చూడాలి.

కళ్లు మూసుకుని 10 సెకన్లు నిలబడటం ఇంకోటి. ‘మా ఆవిడ నడిచే మనిషే, కళ్లు మూసుకుని ఎందుకు నిలబడాలి?’ అని ఒక తాతగారు నన్ను గట్టిగానే అడిగారు. తలంటుకునేటప్పుడు నిలబడే పోసుకుంటారా అని అడిగాను ఆవిడని. అవునన్నారు. కుంకుడు రసం కళ్లల్లో పడకుండా కళ్లు గట్టిగా మూసుకుని, తడి నేల మీద, చేతులు రెండూ తలమీద పెట్టుకుని! ఆ రోజే బాత్రూంలో కూర్చోడానికి ఒక స్టూలు తెప్పించారు.

స్టూలు మీద ఒక పాదం తర్వాత ఒక పాదం పెట్టి తీయడం అనేది గడప దాటడానికి దగ్గర. గడప తొక్కకూడదని మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు, అంటే మామూలుకంటే ఎత్తుగా కాలు లేపాలి, అంతసేపూ బరువు ఒంటికాలి మీదే. పాత ఇళ్లలో గడప ఎత్తు అరడుగు కూడా ఉంటుంది, నేను కొలిచి రాసుకుంటాను. చెయ్యి చాచి ముందుకి వంగడం అంటే స్టవ్ వెనక అరలో పోపుడబ్బా అందుకోవడం. గోడకి టేపు అంటించి చెయ్యి భుజం ఎత్తుకి లేపి ఎంత ముందుకి వెళ్లగలరో చూడండి, కాళ్లు కదలకూడదు. 25 సెంటీమీటర్లు దాటితే బాగున్నట్టు, 15కి లోపలే ఆగిపోతే వంటింట్లో సామాన్లన్నీ కిందికి దించి అందేచోట పెట్టమని చెప్పాలి. వెనక్కి తిరిగి చూడటం అంటే రోడ్డు మీద హారన్ వినబడితే చేసేది, దాన్ని విడిగా వివరించక్కర్లేదు.

సర్జన్ వద్దన్న పని ఈ 14లో ఉంటే దాన్ని వదిలేయండి, ఫలానాది చేయించలేదని రాయండి, అప్పుడు మొత్తాన్ని 56కి లెక్కేసి పాత స్కోరుతో పోల్చకండి.

ఈ స్కేలులో లేనిదొకటుంది, నేల మీద కూర్చుని లేవడం. మన దగ్గర పూజకి, కూరగాయలు తరగడానికి, మనవడితో ఆడటానికి కింద కూర్చుంటారు, కొందరికి ఇంకా ఇండియన్ టాయిలెట్టే ఉంది. అందుకని మోకాలి, తుంటి ఆపరేషన్లు కానివాళ్లకి, నొప్పులు లేనివాళ్లకి, మంచం పక్కన చాప వేసి ఇది కూడా చూస్తాను. దేన్ని పట్టుకుంటున్నారు, ముందు ఏ మోకాలు ఆనిస్తున్నారు, లేచాక కళ్లు తిరిగాయా? పడిపోయి ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనంతట తను లేవగలరా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. దీనికి మార్కులేం లేవు, నాలుగు మాటల్లో రాసుకుంటే చాలు.

50 పైన వచ్చినవాళ్లకి బెర్గ్ పెద్దగా ఏమీ చెప్పదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వాళ్లకి మినీ బెస్టెస్ట్ చేయండి, 28 మార్కులది, తోసినప్పుడు ఎలా నిలదొక్కుకుంటారో, నడుస్తూ తల తిప్పితే ఏమవుతుందో అందులో ఉంటుంది.

నడుస్తూ మాట్లాడించండి

పెద్దవాళ్లు చాలామంది నేరుగా నడవమంటే బాగానే నడుస్తారు, ఎవరైనా పలకరిస్తే మాత్రం ఆగిపోతారు. మాట్లాడటానికి నడక ఆపేసేవాళ్లు పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు గమనించారు. చూడటం సులువు, టగ్ మళ్లీ చేయిస్తూ ఏదో ఒకటి అడగండి. పుస్తకాల్లో 100 నుంచి మూడు మూడు తీసేస్తూ లెక్కపెట్టమని ఉంటుంది, బడికి వెళ్లని మామ్మగారిని అలా అడిగితే మీరు చూస్తున్నది బ్యాలెన్స్ కాదు, లెక్కలు. ఆవిడకి తెలిసినదాంట్లోంచి అడగండి. కూరగాయల పేర్లు చెప్పమనండి, లేదా నెలలు ఫాల్గుణం నుంచి వెనక్కి. మనవల పేర్లు వద్దు, అవి ఆలోచించకుండానే వచ్చేస్తాయి. వంకాయ, బెండకాయ, దొండకాయ అంటూ గీత దగ్గరికి వచ్చి తిరిగేటప్పుడు మాట ఆగిందా, కాలు ఆగిందా చూడండి. చేతిలో ముప్పాతిక నిండిన నీళ్ల గ్లాసు ఇచ్చి కూడా చూడొచ్చు, స్టీలుది ఇవ్వండి, గాజుది వద్దు.

టెస్ట్ మధ్యలో గుండెలో నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా మాట తడబడటం, ఒక పక్క బలం తగ్గడం, చెమటలు, ఇవేవైనా కనిపిస్తే ఆపేసి కూర్చోబెట్టండి, స్కోరు సంగతి తర్వాత, వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి. పడిపోతుంటే పైకి ఎత్తి నిలబెట్టాలని చూడకండి, మీ నడుం కూడా పోతుంది, బెల్టు పట్టుకుని మీ ఒంటికి ఆనించుకుంటూ మెల్లగా కిందికి దించేయండి.

ఏం రాయాలి, మళ్లీ ఎప్పుడు చూడాలి

నా నోటు పుస్తకంలో ఒక టగ్ ఇలా ఉంటుంది: చేతులున్న చెక్క కుర్చీ 45 సెంటీమీటర్లు, వాకరు, ఉత్తికాళ్లు, ఉదయం 10, బీపీ మాత్ర వేసుకున్న రెండు గంటలకి, 24 సెకన్లు, రెండోసారికి లేచారు, ఎడమవైపు తిరగడానికి ఏడు అడుగులు, కూర్చునేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టలేదు. ఇంత రాయడానికి నిమిషం పట్టదు. నెల తర్వాత నేను కాక వేరే ఫిజియో వెళ్లినా అదే టెస్ట్ అలాగే చేయగలరు.

మొదట్లో రెండు వారాలకోసారి, కుదురుకున్నాక నెలకోసారి చూస్తే సరిపోతుంది. ప్రతిసారీ అన్ని టెస్టులూ వద్దు, మొదటి రోజు ఏ రెండుమూడు ఎంచుకున్నారో అవే. బెర్గ్‌లో ఒకటి రెండు మార్కులు పెరిగితే ఇంట్లోవాళ్లకి స్వీట్లు పంచమని చెప్పకండి, ఆ మాత్రం తేడా మీరు చూసే తీరులో కూడా వస్తుంది. మొదట 45 పైన ఉన్నవాళ్లకి కనీసం 4, 25 నుంచి 34 మధ్య ఉన్నవాళ్లకి 7 మార్కులు మారితేనే నిజంగా మారినట్టు. మార్కులు కదలకపోయినా గుమ్మం దగ్గర గోడ పట్టుకోవడం మానేశారా, రాత్రి బాత్రూంకి ఒక్కరే వెళ్తున్నారా, అది ఇంట్లోవాళ్లని అడిగి అదే కాగితం మీద పక్కన రాయండి. డాక్టరుకి పంపేటప్పుడు మూడు ముక్కలు చాలు, మొదటిసారి ఎంత, ఇప్పుడెంత, ఏ పని దగ్గర ఇంకా తూలుతున్నారు. ఆ మూడోది రాయకపోతే మీ కాగితం కూడా ‘బ్యాలెన్స్ ఫెయిర్’ కాగితమే.